జలుబుకు గృహవైద్యం

జలుబు అనేది ముక్కు, గొంతు భాగాలకు వైరస్‌ల వలన సోకే అంటువ్యాధి. దీనినే పడిశము, రొంప అని కూడా అంటారు. తెలంగాణలో సర్ది అనే మాట ఎక్కువగా వాడుకలో ఉన్నది. ముక్కు కారడం, తుమ్ములు, ముక్కుదిబ్బడ, గొంతునొప్పి, దగ్గు దీని ముఖ్య లక్షణాలు. జలుబును కలిగించే వైరస్‌లను నిర్మూలించే మందు ఇంతవరకు వాడుకలోకి రాలేదు. అయినప్పటికీ ఈ వ్యాధి సాధారణంగా 7 నుండి 10 రోజులలో తనంతట తానే తగ్గిపోతుంది. అందువలన జలుబుకు చేసే చికిత్సలో అధికభాగం ఇంటివద్దనే జరుగుతుంది. మిరియాల కషాయం, పసుపు పాలు, ఆవిరి పట్టడం, ఉప్పునీటితో పుక్కిలించడం వంటి పద్ధతులు తెలుగువారి ఇళ్ళలో తరతరాలుగా ఉన్నాయి. వీటిలో కొన్ని బాధను తగ్గిస్తాయి. కొన్నింటి వలన లాభం గానీ నష్టం గానీ లేదు. మరికొన్ని, ముఖ్యంగా పసిపిల్లల విషయంలో, ప్రాణాపాయాన్ని కలిగిస్తాయి.

జలుబు గురించి తెలుగునాట రెండు నానుడులు ప్రచారంలో ఉన్నాయి. "మందు వేసుకుంటే వారం, వేసుకోకపోతే ఏడు రోజులు" అన్నది మొదటిది. "పడిశము పది రోగాల పెట్టు" అన్నది రెండవది. ఆరోగ్యవంతుడైన పెద్దవానికి వచ్చే మామూలు జలుబుకు మొదటి మాట వర్తిస్తుంది. శిశువులకు, వృద్ధులకు, ఉబ్బసం ఉన్నవారికి వచ్చే జలుబు విషయంలో రెండవ మాటను గుర్తుంచుకోవాలి.

కారణాలు

జలుబును కలిగించే వైరస్‌లు 200కు పైగా ఉన్నాయి. వీటిలో రైనోవైరస్‌లు ముఖ్యమైనవి. కరోనావైరస్ కుటుంబానికి చెందిన కొన్ని రకాలు, అడినోవైరస్‌లు, పారాఇన్‌ఫ్లుయెంజా వైరస్‌లు, ఆర్.ఎస్.వి. మొదలైనవి కూడా జలుబును కలిగిస్తాయి. ఒక రకం వైరస్ వలన ఏర్పడిన రోగనిరోధక శక్తి మరొక రకాన్ని అడ్డుకోలేదు. అందుచేతనే జలుబు జీవితమంతా మళ్ళీ మళ్ళీ వస్తుంది. పెద్దలకు ఏడాదికి 2 నుండి 3 సార్లు, చిన్నపిల్లలకు 6 నుండి 8 సార్లు జలుబు రావడం సహజం.

వైరస్ ఒకరి నుండి మరొకరికి రెండు విధాలుగా వ్యాపిస్తుంది. తుమ్మినపుడు, దగ్గినపుడు వెలువడే తుంపరల ద్వారా సోకడం ఒక విధం. చీమిడి అంటిన చేతులు, తువ్వాళ్ళు, తలుపు గడియలు వంటి వాటిని తాకి, అదే చేతితో ముక్కును లేదా కళ్ళను తాకడం రెండవ విధం. వైరస్ సోకిన 1 నుండి 3 రోజులలో లక్షణాలు కనిపిస్తాయి.

వానలో తడవడం వలన, చల్లని నీళ్ళు తాగడం వలన జలుబు చేస్తుందని చాలామంది నమ్ముతారు. వైరస్ లేనిదే జలుబు రాదు. అయితే చలికి, జలుబుకు సంబంధం బొత్తిగా లేదని కూడా చెప్పలేము. శరీరపు లోపలి ఉష్ణోగ్రత 37 డిగ్రీలు కాగా ముక్కు లోపలి భాగం సుమారు 33 డిగ్రీలు ఉంటుంది. ఈ తక్కువ ఉష్ణోగ్రత వద్ద రైనోవైరస్ సులభంగా వృద్ధి చెందుతుందని, శరీరపు రక్షణ చర్య మందగిస్తుందని అమెరికాలోని యేల్ విశ్వవిద్యాలయ పరిశోధకులు 2015లో ఎలుకల కణాలపై చేసిన ప్రయోగాలలో గమనించారు. చలికాలంలోను, వానాకాలంలోను జనం ఇళ్ళలోపల, తలుపులు మూసుకొని, దగ్గర దగ్గరగా ఉండడం వ్యాధి వ్యాప్తికి మరొక కారణం.

ముక్కుదిబ్బడ ఎందుకు కలుగుతుంది

ముక్కు మూసుకుపోవడానికి చీమిడి నిండడమే కారణమని సాధారణంగా అనుకుంటారు. నిజానికి ముఖ్యకారణం వాపు. ముక్కు లోపలి గోడలపై మెత్తని పొరలు, వాటి అడుగున సన్నని రక్తనాళాల వల ఉంటాయి. వైరస్ సోకినపుడు శరీరం చేసే ప్రతిచర్య వలన ఈ నాళాలు రక్తంతో ఉబ్బి గాలి వెళ్ళే దారిని ఇరుకు చేస్తాయి. ఎంత చీదినా ముక్కు తెరుచుకోకపోవడానికి కారణం ఇదే. పడుకున్నపుడు తలలో రక్తపు ఒత్తిడి పెరగడం వలన వాపు మరింత ఎక్కువై రాత్రిపూట బాధ పెరుగుతుంది. తల క్రింద ఎత్తు పెట్టుకొని పడుకుంటే కొంత హాయిగా ఉండడానికి కూడా కారణం ఇదే.

మొదట నీళ్ళలా కారే చీమిడి రెండు మూడు రోజుల తరువాత చిక్కబడి పసుపు లేదా ఆకుపచ్చ రంగుకు మారుతుంది. ఇది వైరస్‌తో పోరాడడానికి వచ్చి చేరిన తెల్ల రక్తకణాల వలన ఏర్పడే రంగు. రంగు మారినంత మాత్రాన యాంటిబయాటిక్ మందులు అవసరమని భావించరాదు.

గృహవైద్య పద్ధతులు

వేడి పానీయాలు, కషాయాలు

మిరియాలు, శొంఠి లేదా అల్లం, తులసి ఆకులు కలిపి కాచిన కషాయం తెలుగు ప్రాంతాలన్నింటా కనిపిస్తుంది. రెండు గ్లాసుల నీటిలో అర చెంచా దంచిన మిరియాలు, చిన్న అల్లం ముక్క, ఏడెనిమిది తులసి ఆకులు వేసి, నీరు సగమయ్యేవరకు మరిగించి, వడగట్టి, బెల్లం లేదా తేనె కలుపుకొని గోరువెచ్చగా తాగుతారు. శొంఠి, పిప్పళ్ళు, మిరియాలు మూడింటిని కలిపి ఆయుర్వేదంలో త్రికటుకము అంటారు. కోవిడ్-19 వ్యాపించిన 2020వ సంవత్సరంలో కేంద్ర ఆయుష్ మంత్రిత్వ శాఖ ప్రకటించిన "ఆయుష్ క్వాథ్" కూడా ఇటువంటిదే. తులసి 4 పాళ్ళు, దాల్చినచెక్క 2 పాళ్ళు, శొంఠి 2 పాళ్ళు, మిరియాలు 1 పాలు అందులోని కొలత.

కషాయం వైరస్‌ను చంపుతుందనడానికి తగిన ఆధారాలు లేవు. కానీ వేడి పానీయం వలన ఉపశమనం కలుగుతుందన్నది వాస్తవం. బ్రిటన్‌లోని కార్డిఫ్ విశ్వవిద్యాలయంలో 2008లో ప్రచురించిన ఒక అధ్యయనంలో జలుబు చేసినవారికి ఒకే పండ్లరసాన్ని కొందరికి వేడిగాను, కొందరికి మామూలుగాను ఇచ్చారు. వేడిగా తాగినవారికి ముక్కు కారడం, తుమ్ములు, దగ్గు, గొంతునొప్పి, చలి, నీరసం వెంటనే తగ్గినట్లు అనిపించింది. ముక్కులో గాలి ప్రవాహాన్ని కొలిచి చూడగా మాత్రం మార్పు కనిపించలేదు. అంటే దారి తెరుచుకోకపోయినా బాధ తగ్గింది. మిరియాలు, అల్లం వంటి ఘాటైన పదార్థాలు నోటిలోని, ముక్కులోని నాడులను ప్రేరేపించి లాలాజలాన్ని, పలుచని శ్లేష్మాన్ని ఊరేలా చేస్తాయి. దాని వలన గొంతు గరగర తగ్గుతుంది.

కషాయాన్ని రోజుకు ఒకటి రెండు సార్లు మించి, మరీ ఘాటుగా తాగితే కడుపులో మంట కలుగుతుంది. తిప్పతీగ వంటి మూలికలను రోజుల తరబడి వాడినవారిలో కొందరికి కాలేయం దెబ్బతిన్నట్లు ముంబై వైద్యులు 2021లో నివేదించారు. ఆయుష్ మంత్రిత్వ శాఖ ఈ నివేదికతో ఏకీభవించలేదు. ఏది ఏమైనా కాలేయ వ్యాధులు ఉన్నవారు, గర్భవతులు వైద్యుని సలహా లేనిదే మూలికలు వాడకపోవడం మంచిది.

పసుపు పాలు

వేడి పాలలో చిటికెడు పసుపు, కొద్దిగా మిరియాల పొడి వేసి రాత్రి పడుకునే ముందు తాగడం విస్తృతంగా ఉన్న అలవాటు. పసుపులోని కర్క్యుమిన్ అనే పదార్థం ఒంటికి చాలా తక్కువగా పడుతుంది. మిరియాలలోని పైపరిన్ తోడైనపుడు అది రక్తంలోకి చేరే పరిమాణం అనేక రెట్లు పెరుగుతుందని బెంగళూరు పరిశోధకులు 1998లో తెలిపారు. పసుపు, మిరియాలను కలిపి వాడే అలవాటుకు ఈ విధంగా కొంత ఆధారం లభించింది. అయితే ఆ ప్రయోగంలో వాడిన కర్క్యుమిన్ 2 గ్రాములు. పాలలో వేసే చిటికెడు పసుపులో ఉండేది అందులో అతి స్వల్పభాగం. పసుపు పాల వలన జలుబు త్వరగా తగ్గుతుందని రుజువు కాలేదు. గొంతుకు హాయి, శరీరానికి కొంత ఆహారం లభించడం మాత్రం నిజం.

తేనె

గృహవైద్యాలలో దగ్గుకు అన్నింటికంటె ఎక్కువ ఆధారం ఉన్నది తేనెకే. పిల్లల దగ్గుపై జరిగిన అధ్యయనాలను 2018లో సమీక్షించిన కాక్రేన్ సంస్థ, మందేమీ ఇవ్వని పిల్లలతో పోలిస్తే తేనె ఇచ్చిన పిల్లలలో దగ్గు తగ్గుతున్నట్లు పేర్కొన్నది. ఏడాది నిండిన పిల్లలకు పడుకునే ముందు అర చెంచా నుండి ఒక చెంచా వరకు తేనె ఇవ్వవచ్చు. ఏడాది నిండని శిశువులకు తేనె ఎట్టి పరిస్థితులలోను ఇవ్వరాదు, నాలుకకు రాయరాదు. తేనెలో ఉండే అవకాశమున్న ఒక రకం బాక్టీరియా బీజాలు శిశువుల పేగులలో మొలకెత్తి, విషాన్ని తయారుచేసి, పక్షవాతాన్ని కలిగిస్తాయి. దీనిని శిశు బోట్యులిజం అంటారు. మధుమేహం ఉన్నవారు తేనెను కూడా చక్కెరగానే లెక్కించాలి.

ఉప్పునీరు

ఒక గ్లాసు గోరువెచ్చని నీటిలో అర చెంచా ఉప్పు కలిపి రోజుకు మూడు నాలుగు సార్లు పుక్కిలిస్తే గొంతునొప్పి, గొంతు వాపు వలన కలిగే బాధ తగ్గుతాయి.

ముక్కును ఉప్పునీటితో కడగడం యోగశాస్త్రంలో జలనేతిగా ప్రసిద్ధి. ఇది చిక్కబడిన శ్లేష్మాన్ని పలుచన చేసి తొలగిస్తుంది. ఒక లీటరు నీటికి 9 గ్రాముల ఉప్పు, అనగా సుమారు ఒకటిన్నర టీ చెంచాలు, కలిపితే ఆ నీరు శరీర ద్రవాలతో సమానమైన ఉప్పదనం కలిగి ముక్కు మండదు. ఇందుకు వాడే నీటిని తప్పనిసరిగా మరగకాచి చల్లార్చాలి. బావి నీటిని, బోరు నీటిని, కుళాయి నీటిని నేరుగా వాడరాదు. అమెరికాలోని లూసియానా రాష్ట్రంలో 2011లో కుళాయి నీటితో ముక్కు కడుక్కున్న ఇద్దరు వ్యక్తులు, నీటిలోని నెగ్లేరియా అనే అమీబా ముక్కు ద్వారా మెదడుకు చేరి మరణించారు. ఇది చాలా అరుదైన వ్యాధి. కానీ సోకినవారు బ్రతకడం కూడా అంతే అరుదు. ఆ నీటిని తాగడం వలన ఈ వ్యాధి రాదు, ముక్కులోకి వెళ్ళినపుడే వస్తుంది.

పసిపిల్లలకు ముక్కు కడగడం తగదు. మందుల దుకాణాలలో దొరికే సెలైన్ చుక్కలను పాలు పట్టే ముందు ఒక్కొక్క ముక్కుపుటంలో ఒకటి రెండు చుక్కలు వేసి, మెత్తని గుడ్డతో తుడిస్తే శిశువు సులభంగా పాలు తాగగలుగుతుంది.

ఆవిరి పట్టడం

మరిగించిన నీటి గిన్నెపై ముఖం ఉంచి, తలపై దుప్పటి కప్పుకొని ఆవిరి పీల్చడం అందరికీ తెలిసిన పద్ధతి. నీటిలో పసుపు, తులసి, వావిలాకు, జామాయిల్ ఆకు వంటివి వేస్తారు. ఆవిరి వలన శ్లేష్మం కొంతసేపు పలుచబడి ముక్కు తేలికైనట్లు ఉంటుంది. అయితే వేడి ఆవిరి వలన జలుబు కాలం తగ్గుతుందని చెప్పడానికి నిలకడైన ఆధారాలు లేవని 2017 నాటి కాక్రేన్ సమీక్ష తెలిపింది.

ఈ పద్ధతిలో ప్రమాదమంతా నీటి గిన్నె వలననే కలుగుతుంది. పిల్లవాడు దుప్పటి క్రింద కదిలినపుడు గిన్నె ఒరిగి, మరిగే నీరు ఒడిలో పడి తొడలు, పొట్ట కాలిపోయిన సంఘటనలు అనేక దేశాలలో వైద్యులు నమోదు చేశారు. అందుచేత పిల్లలకు ఈ విధంగా ఆవిరి పట్టరాదు. పెద్దలు పట్టుకొనేటపుడు నీటిని పొయ్యి మీదనుండి దించి ఒకటి రెండు నిమిషాలు ఆగాలి. గిన్నెను నేలపై గానీ కదలని బల్లపై గానీ ఉంచాలి. మంచంపైన, ఒడిలోన పెట్టుకోరాదు.

లేపనాలు

కాశీనాథుని నాగేశ్వరరావు 1893లో బొంబాయిలో ప్రారంభించిన అమృతాంజనం తెలుగువారికి బాగా పరిచయమైన లేపనం. ఆయన తరువాత 1908లో అదే నగరంలో ఆంధ్రపత్రికను స్థాపించాడు. ఇటువంటి లేపనాలలో సాధారణంగా కర్పూరం, మెంథాల్, నీలగిరి తైలం వంటివి ఉంటాయి. మెంథాల్ ముక్కులోని చల్లదనాన్ని గుర్తించే నాడులను ప్రేరేపిస్తుంది. దానితో గాలి ధారాళంగా ఆడుతున్నట్లు మెదడుకు తోస్తుంది. లోపలి వాపు మాత్రం అలాగే ఉంటుంది. నిద్ర పట్టడానికి ఈ అనుభూతి కూడా ఉపయోగపడుతుంది.

లేపనాన్ని నుదుటికి, ఛాతీకి, వీపుకు రాసుకోవాలి. ముక్కు లోపల, పెదవులపైన, కళ్ళ దగ్గర రాయరాదు. మరిగే నీటిలో వేయరాదు. రెండేళ్ళలోపు పిల్లలకు కర్పూరం కలిసిన లేపనాలు వాడరాదు. కర్పూరం నోటి ద్వారా లోపలికి వెళితే పిల్లలకు ఫిట్స్ వస్తాయి. కర్పూరపు బిళ్ళను గుడ్డలో కట్టి శిశువు మెడలో వేయడం, కొబ్బరినూనెలో కర్పూరం కరిగించి ఛాతీకి రాయడం కూడా ఈ కారణంగా మానుకోవలసిన అలవాట్లు.

వాము, అడ్డసరం

వామును పెనంపై వేయించి, పలుచని గుడ్డలో మూటకట్టి వాసన పీలుస్తారు. వాములోని ఘాటుకు థైమాల్ అనే పదార్థం కారణం. వాము పువ్వు అని దుకాణాలలో దొరికే తెల్లని పలుకులు థైమాలే.

అడ్డసరం ఆకుల రసం దగ్గుకు పూర్వం నుండి వాడుకలో ఉన్నది. ఈ మొక్కలోని వాసిసిన్ అనే పదార్థం ఆధారంగానే కళ్ళెను పలుచబరిచే బ్రోమ్‌హెక్సిన్ అనే మందును రసాయన శాస్త్రజ్ఞులు తయారుచేశారు. ఆంబ్రాక్సాల్ కూడా ఈ కోవకు చెందినదే. ఇంటి పెరటి మొక్క నుండి ఆధునిక ఔషధం వరకు సాగిన మార్గానికి ఇది మంచి ఉదాహరణ. అడ్డసరం గర్భాశయాన్ని సంకోచింపజేసే గుణం కలది కాబట్టి గర్భవతులు దీనిని వాడరాదు.

ఆహారం, విశ్రాంతి

"లంఖణం పరమౌషధం" అన్న మాటను పట్టుకొని జలుబు, జ్వరం వచ్చినవారికి తిండి మాన్పించడం సరికాదు. ఆకలి తగ్గడం సహజం కనుక తేలికైన ఆహారాన్ని కొద్దికొద్దిగా ఎక్కువసార్లు తీసుకోవాలి. మిరియాల చారుతో అన్నం, జావ, అంబలి, పెసరకట్టు వంటివి అనువుగా ఉంటాయి. మాంసాహారులు కోడి పులుసును ఇష్టపడతారు. కోడిమాంసపు సూప్ తెల్ల రక్తకణాల కదలికను కొంత తగ్గిస్తుందని, తద్వారా వాపు తగ్గవచ్చునని అమెరికాలో 2000లో ఒక ప్రయోగశాల పరిశోధన సూచించింది. ఇది మనుషులపై చేసిన పరీక్ష కాదు. వేడి, ఉప్పు, మాంసకృత్తులు, నీరు ఒకేసారి అందడం దీని ప్రత్యక్ష ప్రయోజనం.

పెరుగు, అరటిపండు, జామపండు, దోసకాయ తింటే కఫం పెరుగుతుందన్న నమ్మకానికి శాస్త్రీయ ఆధారం లేదు. పాలు తాగిన తరువాత నోటిలో జిగటగా అనిపిస్తుంది గానీ శ్లేష్మం ఉత్పత్తి పెరగదు. పిల్లలకు ఇష్టమైన పండును జలుబు పేరుతో మాన్పించవలసిన అవసరం లేదు.

నిమ్మరసం, ఉసిరి వంటి వాటిలోని సి విటమిన్ గురించి 1970లో లైనస్ పౌలింగ్ రాసిన పుస్తకం తరువాత ప్రచారం పెరిగింది. ప్రతిరోజూ సి విటమిన్ తీసుకొనే పెద్దలలో జలుబు కాలం సుమారు 8 శాతం, పిల్లలలో 14 శాతం తగ్గుతుందని 2013 నాటి సమీక్షలో తేలింది. అంటే వారంరోజుల జలుబు పెద్దలలో అరరోజు ముందుగా తగ్గుతుంది. జలుబు వచ్చిన తరువాత మొదలుపెడితే నిలకడైన ఫలితం కనిపించలేదు.

స్థానిక పరిస్థితులు

జలుబు అంతటా ఒకటే అయినా అది ముదరడానికి కారణమయ్యే పరిస్థితులు ప్రాంతాన్ని బట్టి మారుతాయి. జయశంకర్ భూపాలపల్లి జిల్లాలోని మొగుళ్ళపల్లి మండలం వంటి వ్యవసాయ ప్రాంతాలలో పత్తి, వరి, మిరప ముఖ్యమైన పంటలు. పత్తి ఏరే కాలం, వరి నూర్పిడి కాలం, మిరపకాయలు ఆరబోసే కాలం చాలావరకు చలికాలంలోను, ఎండాకాలపు ఆరంభంలోను వస్తాయి. ఆ రోజులలో దుమ్ము, నూగు, మిరప ఘాటు ముక్కులోని పొరలను గాయపరచి జలుబు బాధను పెంచుతాయి. వైరస్ లేకుండానే కేవలం దుమ్ము వలన తుమ్ములు, ముక్కు కారడం కలగవచ్చు. జ్వరం లేకుండా, కళ్ళు దురద పెడుతూ, పొలం పనికి వెళ్ళిన రోజులలోనే ఈ లక్షణాలు కనిపిస్తే అది జలుబు కాక అలర్జీ అయ్యే అవకాశం ఎక్కువ. ముక్కుకు, నోటికి తడిగుడ్డ కట్టుకోవడం, పని ముగిసిన వెంటనే ముఖం కడుక్కోవడం ఇటువంటి సందర్భాలలో కషాయం కంటె ఎక్కువ మేలు చేస్తాయి.

పొరుగున ఉన్న ములుగు జిల్లా మేడారంలో రెండేళ్ళకొకసారి జరిగే సమ్మక్క సారలమ్మ జాతరకు ఈ ప్రాంతం నుండి పెద్దసంఖ్యలో ప్రజలు వెళతారు. జనసమ్మర్దం, దుమ్ము, చలి రాత్రులు ఒక్కచోట కలిసే ఇటువంటి సందర్భాలు వైరస్ వ్యాప్తికి అనుకూలం. పసిపిల్లలను వెంట తీసుకువెళ్ళేవారు ప్రత్యేక జాగ్రత్త వహించాలి.

కట్టెల పొయ్యి పొగ, ఇంట్లో చుట్ట, బీడీ పొగ పిల్లల ఊపిరితిత్తులకు హాని చేస్తాయి. స్నానం తరువాత శిశువుకు సాంబ్రాణి ధూపం వేయడం మంగళకరమైన ఆచారంగా భావిస్తారు. జలుబుతో ఊపిరి ఆడక బాధపడే శిశువుకు ఏ రకమైన పొగ అయినా పొగే.

మానుకోవలసిన పద్ధతులు

• శిశువు ముక్కులో ఆముదం, కొబ్బరినూనె, నువ్వులనూనె చుక్కలు వేయడం. నూనె ఊపిరితిత్తులలోకి జారి అక్కడే నిలిచి ఒక రకం న్యుమోనియాను కలిగిస్తుంది.
• శిశువుకు బ్రాందీ చుక్కలు పట్టడం. దీని వలన శిశువు రక్తంలో చక్కెర పడిపోయి స్పృహ తప్పవచ్చు.
• ఆరు నెలలలోపు శిశువుకు కషాయం, వస, తులసిరసం, తేనె వంటివి ఇవ్వడం. ఈ వయసులో తల్లిపాలు మాత్రమే ఇవ్వాలి.
• నోటితో లేదా వేలితో శిశువు గొంతులోని కళ్ళెను తీయడానికి ప్రయత్నించడం.
• ఛాతీపై, పొట్టపై వాతలు పెట్టడం. మధ్యప్రదేశ్‌లోని శహడోల్ జిల్లాలో 2023లో న్యుమోనియా సోకిన పసిపాపకు కాల్చిన ఇనుప చువ్వతో వాతలు పెట్టగా ఆ పాప మరణించింది. వాత వలన వ్యాధి తగ్గదు. ఆసుపత్రికి చేరవలసిన విలువైన సమయం వృథా అవుతుంది.

దుకాణంలో కొనే మందులు

ఇంటి చికిత్సతో పాటు చాలామంది మందుల దుకాణంలో అడిగి మందులు కొని వాడుతుంటారు. వీటి విషయంలో కూడా జాగ్రత్త అవసరం.

యాంటిబయాటిక్ మందులు బాక్టీరియాపై పనిచేస్తాయి, వైరస్‌పై పనిచేయవు. జలుబుకు వీటిని వాడితే ఉపయోగం లేకపోగా విరేచనాలు, దద్దుర్లు కలుగవచ్చు. అవసరమైన రోజున అవే మందులు పనిచేయకుండా పోయే ప్రమాదం కూడా ఉన్నది. జలుబు బిళ్ళలలో ఎక్కువగా కలిపే ఫినైల్‌ఎఫ్రిన్ నోటి ద్వారా తీసుకున్నపుడు ముక్కుదిబ్బడపై పనిచేయడం లేదని అమెరికా ఆహార, ఔషధ సంస్థ సలహా మండలి 2023లో ఏకగ్రీవంగా తేల్చింది. ముక్కులో వేసుకొనే దిబ్బడ చుక్కలు వెంటనే పనిచేస్తాయి. కానీ వీటిని మూడు నుండి ఐదు రోజులు మించి వాడితే మందు ఆపగానే ముక్కు మునుపటికంటె ఎక్కువగా మూసుకుపోతుంది. రక్తపోటు ఉన్నవారు వీటిని వైద్యుని సలహాతోనే వాడాలి. జ్వరానికి, ఒళ్ళునొప్పులకు తగిన మోతాదులో పారాసిటమాల్ చాలు. పిల్లలకు ఆస్పిరిన్ ఇవ్వరాదు.

పిల్లల దగ్గు సిరప్‌ల విషయం మరింత తీవ్రమైనది. మధ్యప్రదేశ్‌లోని ఛింద్వాడా జిల్లాలో 2025 సెప్టెంబరు, అక్టోబరు నెలలలో డైఇథిలీన్ గ్లైకాల్ అనే విషపదార్థం కలిసిన దగ్గు సిరప్ తాగిన చిన్నారులు మూత్రపిండాలు చెడిపోయి 20 మందికి పైగా మరణించారు. వారిలో చాలామందికి మొదట వచ్చినవి మామూలు జలుబు, దగ్గు, జ్వరాలే. రెండేళ్ళలోపు పిల్లలకు దగ్గు, జలుబు మందులు రాయరాదని, ఐదేళ్ళలోపు పిల్లలకు సాధారణంగా అవసరం లేదని కేంద్ర ఆరోగ్య సేవల డైరెక్టరేట్ 2025 అక్టోబరు 3న సూచించింది. క్లోర్‌ఫెనిరమిన్, ఫినైల్‌ఎఫ్రిన్ కలిసిన మందును నాలుగేళ్ళలోపు పిల్లలకు వాడరాదన్న హెచ్చరికను సీసాలపై ముద్రించాలని కేంద్ర ఔషధ నియంత్రణ సంస్థ 2023 డిసెంబరులోనే ఆదేశించింది. ఏడాది దాటిన పిల్లవానికి తేనె, గోరువెచ్చని నీరు, ముక్కులో సెలైన్ చుక్కలు, విశ్రాంతి సరిపోయే సందర్భాలే ఎక్కువ.

జలుబు, నిమ్ము మధ్య తేడా

ఊపిరితిత్తులకు సోకే న్యుమోనియాను వాడుకలో నిమ్ము అంటారు. చిన్నపిల్లలలో జలుబుగా మొదలైన వ్యాధి కొన్నిసార్లు నిమ్ముగా మారుతుంది. ఐదేళ్ళలోపు పిల్లల మరణాలకు ముఖ్యకారణాలలో ఇది ఒకటి. దీనిని ఇంటివద్దనే గుర్తించడానికి ప్రపంచ ఆరోగ్య సంస్థ ఒక సులభమైన పద్ధతిని సూచించింది. పిల్లవాడు ఏడవకుండా, నెమ్మదిగా ఉన్నపుడు బట్టను పైకి తీసి, పొట్ట లేదా ఛాతీ ఎన్నిసార్లు పైకి లేస్తున్నదో గడియారం చూస్తూ పూర్తిగా ఒక నిమిషం లెక్కించాలి. ఈ క్రింది సంఖ్యలు లేదా అంతకు మించి ఉంటే శ్వాస వేగంగా ఉన్నట్లు లెక్క.

• 2 నెలలలోపు శిశువు: నిమిషానికి 60
• 2 నెలల నుండి 12 నెలలలోపు: నిమిషానికి 50
• 1 సంవత్సరం నుండి 5 సంవత్సరాలలోపు: నిమిషానికి 40

ఊపిరి పీల్చినపుడు ఛాతీ క్రింది భాగం లోపలికి పోవడాన్ని వాడుకలో డొక్కలెగరేయడం అంటారు. ఇది శ్వాస వేగం కంటె కూడా తీవ్రమైన సూచన. నిమ్ముకు బాక్టీరియా కారణమైనపుడు యాంటిబయాటిక్ మందులు ప్రాణాన్ని కాపాడతాయి. జలుబుకు అనవసరమైన మందే నిమ్ముకు అత్యవసరమవుతుంది. అందువలననే ఈ రెండింటి తేడా తెలియడం ముఖ్యం.

వైద్యుని సంప్రదించవలసిన సందర్భాలు

పిల్లలలో:
• శ్వాస వేగంగా ఉన్నపుడు, డొక్కలు ఎగరేస్తున్నపుడు
• పాలు తాగలేనపుడు, తాగినదంతా కక్కుతున్నపుడు
• మగతగా ఉండి లేపినా లేవనపుడు, ఫిట్స్ వచ్చినపుడు
• పెదవులు, నాలుక నీలిరంగుకు మారినపుడు
• 2 నెలలలోపు శిశువుకు జ్వరం వచ్చినపుడు లేదా ఒళ్ళు చల్లబడినపుడు

పెద్దలలో:
• ఆయాసం, ఛాతీనొప్పి, కళ్ళెలో రక్తం ఉన్నపుడు
• జ్వరం మూడు రోజులు మించి ఉన్నపుడు, తగ్గి మళ్ళీ వచ్చినపుడు
• బుగ్గ ఎముకలు, నుదురు భాగాలలో తీవ్రమైన నొప్పితో జలుబు పది రోజులు దాటినపుడు
• దగ్గు రెండు వారాలు మించినపుడు (క్షయ పరీక్ష చేయించుకోవాలి)
• ఉబ్బసం, మధుమేహం, గుండెజబ్బు ఉన్నవారికి, గర్భవతులకు, వృద్ధులకు లక్షణాలు తీవ్రమైనపుడు

గ్రామాలలో ఆశా కార్యకర్తను, ప్రాథమిక ఆరోగ్య కేంద్రాన్ని ముందుగా సంప్రదించవచ్చు. పై సూచనలలో తీవ్రమైనవి కనిపిస్తే 108 అంబులెన్సును పిలవాలి. ఉమ్మడి వరంగల్ జిల్లా ప్రాంతానికి వరంగల్‌లోని మహాత్మాగాంధీ స్మారక ఆసుపత్రి పెద్ద ప్రభుత్వ వైద్యాలయం.

నివారణ

జలుబును పూర్తిగా నివారించడం సాధ్యం కాదు. సబ్బుతో చేతులు కడుక్కోవడం, చేతులతో ముక్కును, కళ్ళను తాకకపోవడం, తుమ్మేటపుడు మోచేతిని గానీ రుమాలును గానీ అడ్డం పెట్టుకోవడం, జలుబు చేసినవారి తువ్వాలును వేరుగా ఉంచడం వలన వ్యాప్తి తగ్గుతుంది. జలుబు ఉన్న పెద్దలు శిశువును ముద్దాడరాదు. జలుబు చేసిన తల్లి బిడ్డకు పాలివ్వడం మానరాదు. మూతికి గుడ్డ కట్టుకొని పాలివ్వవచ్చు. నిమ్మును కలిగించే ముఖ్యమైన బాక్టీరియా నుండి రక్షించే న్యుమోకోకల్ టీకా (పి.సి.వి.) ప్రభుత్వ టీకాల కార్యక్రమంలో ఉచితంగా లభిస్తుంది. దీనిని 6 వారాలు, 14 వారాలు, 9 నెలల వయసులో వేస్తారు.

పరిశోధనల చరిత్ర

జలుబుకు మందు కనుగొనాలన్న ఉద్దేశంతో బ్రిటన్ ప్రభుత్వం 1946లో సాల్స్‌బరీ పట్టణం వద్ద ఒక పరిశోధన కేంద్రాన్ని ప్రారంభించింది. వేలాదిమంది వాలంటీర్లు అక్కడ ఉండి, తమ ముక్కులో వైరస్ చుక్కలు వేయించుకొని పరిశోధనకు సహకరించారు. రైనోవైరస్‌లను 1950లలో గుర్తించారు. మనుషులకు జలుబు కలిగించే కరోనావైరస్ గురించి సాల్స్‌బరీ కేంద్రానికి చెందిన డేవిడ్ టిరెల్, ఆయన సహచరులు 1965లో ప్రకటించారు. ఈ కేంద్రం 1990లో మూతపడింది. అప్పటికీ, ఆ తరువాత కూడా జలుబును మాన్పే మందు లభించలేదు. వేడినీరు, ఉప్పు, తేనె, విశ్రాంతి నేటికీ జలుబు చికిత్సలో నిలిచి ఉండడానికి ఇదే కారణం.

ఇవి కూడా చూడండి

• తులసి
• అడ్డసరం
• న్యుమోనియా
• కాశీనాథుని నాగేశ్వరరావు